చెయ్యెత్తని పన్నెండు ఆదివారాలు

చోడవరంలో గేటు పరదేశి దెబ్బ తినని మగాళ్ళు ఇద్దరే ఉన్నారని ఆ రోజుల్లో చెప్పుకునేవారు. ఒకడు సినిమా చూడనివాడు, రెండోవాడు ఇంకా పుట్టనివాడు.

పరదేశి ఉద్యోగం బంగార్రాజు గారి సినిమా హాల్లో, నేల టికెట్లిచ్చే కిటికీ దగ్గర. ఆ కిటికీకి దారి ఒక ఇటుకల సందు. ఒక్క మనిషి పట్టే ఆ సందులోకి కొత్త బొమ్మ వచ్చిన రోజున నలభైమంది దూరేవారు, ఇంకో ఇరవైమంది వాళ్ళ తలల మీంచి పాకేవారు. పరదేశి గోడ మీద గొంతుక్కూర్చుని, చింతబరికె పుచ్చుకుని, కింద కనబడిన వీపునల్లా వాయించేవాడు. చొక్కాలు చిరిగేవి, చెవులు తెగేవి. ఒకసారి మాడుగుల నుంచి వచ్చిన పెళ్ళికొడుకు ముక్కు పగిలింది. పసుపు బట్టల మీద రక్తం ఓడుతున్నా టికెట్టు మాత్రం వదలకుండా బయటపడ్డాడు. నవ్వుతూనే ఉన్నాడు పాపం. దెబ్బలు తిన్నా టికెట్టు దొరికితే ఆ ఊళ్ళో ఎవరికీ పరదేశి మీద కోపం ఉండేది కాదు.

అతని పుట్టుక బుచ్చయ్యపేట వైపు ఒక పల్లె. పంతొమ్మిదో ఏట చెరుకు గానుగలో గడ పెడుతుంటే ఎడమచేతి చివరి రెండు వేళ్ళనూ ఇనప రోళ్ళు లాక్కుపోయాయి. ఎద్దుల్ని వెంటనే ఆపనందుకు తోలేవాణ్ణి కుడిచేత్తో దవడ పగిలేలా కొట్టి, ఆ తర్వాతే కళ్ళు తిరిగి పడిపోయాడు. ఆ పూట వండిన బెల్లం ఎవరు తిన్నారో ఇప్పటికీ ఎవరూ ఆరా తియ్యలేదు. పెళ్ళాం పైడితల్లి మీద మాత్రం ఒక్కసారే చెయ్యెత్తాడు. ఆవిడ రోకలెత్తింది. ఆ కాపురంలో యుద్ధం అక్కడితో సరి.

ఇలాంటి మనిషి చంద్రమండలం కథల సావాసంలో ఎలా పడ్డాడంటే, అదీ కొట్టడానికే వెళ్ళి.

బస్టాండు దగ్గర సత్యారావుకి సైకిలు షాపు ఉండేది. డెబ్బైఒకటో సంవత్సరం, వానలు వెనకబట్టిన రోజుల్లో, పరదేశి అక్కడ అద్దెకి తీసుకున్న సైకిలుకు దిగుడులో బ్రేకు పడలేదు. ఎదురుగా వచ్చే చెరుకుబండి చక్రంలోకి వెళ్ళి మోకాలు చీల్చుకున్నాడు. మర్నాడు ఆదివారం పొద్దున్నే, ఆ మోకాలితోనే కుంటుకుంటూ వచ్చాడు. షాపులో ఎవరూ లేరు. వెనక రేకుల పాకలోంచి మాటలు వినబడుతున్నాయి. సరాసరి లోపలికి వెళ్ళి, చాప మీద కూర్చున్న సత్యారావు కాలరు పట్టి లేపి, కుడిచెయ్యి పిడికిలి బిగించి ఎత్తాడు.

పాక మధ్యలో ఆడపిల్లల బడి టీచరు లక్ష్మీసుందరి గారు వారపత్రిక పట్టుకుని పైకి చదువుతున్నారు. ఆవిడకి వాక్యం మధ్యలో ఆగడం చేతకాదు. పిడికిలిని ఒకసారి చూసి చదువుతూనే పోయారు. భూమి నుంచి బయల్దేరిన ఓడ ఒక గ్రహం మీద దిగింది. ఆ గ్రహంలో మనుషుల్లాంటి వాళ్ళున్నారు గాని వాళ్ళకి చేతుల్లేవు. వాళ్ళలో ఒకడు నెమ్మదిగా ఓడ దగ్గరికి నడిచి వస్తున్నాడు. ఓడ నాయకుడు తుపాకీ తీశాడు...

"తరువాయి వచ్చేవారం," అని ఆవిడ పత్రిక మూసేశారు.

అప్పటికి ఇరవై నిమిషాలయింది. పరదేశి పిడికిలి ఇంకా గాలిలోనే ఉంది. సత్యారావు ముఖం వంకాయ రంగుకి తిరిగింది.

"మరి తర్వాతేటయింది?" అన్నాడు పరదేశి.

"వచ్చేవారం తెలుస్తుంది."

"అందాకా ఈణ్ణి ఇలగే అట్టుకోనా?"

"ఒగ్గీ బాబూ, నీకు దణ్ణవెడతాను," అన్నాడు సత్యారావు పీలగా. "కూకుని ఇను. బ్రేకు నేనే ఎయ్యించుతాను."

ప్రతి ఆదివారం ఆ పాకలో చేరేవాళ్ళు తమకి పెట్టుకున్న పేరు 'రేపటి సంఘం'. ఊరు పెట్టిన పేరు 'చంద్రమండలం గాళ్ళు'. అనకాపల్లి నుంచి బస్సులో వచ్చే ఒక్క పత్రికే అందరికీ ఆధారం, అందుకని ఒకరు చదివితే అందరూ వినేవారు. వినేవాడికి చదువు రాకపోయినా పరవాలేదు. గోడకి పాత క్యాలెండరు తిరగేసి కట్టి, దాని మీద నీలం సిరాతో మూడు కట్టుబాట్లు రాసుకున్నారు. వచ్చినవాణ్ణి పేరు తప్ప ఇంకేమీ అడగకూడదు. కథలో ముందు జరగబోయేది తెలిసినవాడు తెలియనివాడికి చెప్పకూడదు. మూడోది లక్ష్మీసుందరి గారి సొంతం: 'అలా జరగదు' అనకూడదు, 'అలా ఎలా జరుగుతుంది' అని అడగాలి.

ఆ వేళ మెడ రుద్దుకుంటూ సత్యారావే అడిగాడు, చేతుల్లేనివాళ్ళు ముడి ఎలా వేస్తారని. అప్పుడు పరదేశి మూడువేళ్ళ ఎడమచెయ్యి ముందుకు చాపాడు.

"ఈ ఏళ్ళు పోయిన ఏడు నేను పంచె కట్టుకోలేకపోయేను. పళ్ళతో కట్టేవోణ్ణి. సేతుల్లేనోడికి మెడ బలంగుంటాది, పళ్ళు బలంగుంటాయి. ఆడు కొట్టడు. కరుస్తాడు."

లక్ష్మీసుందరి గారు ఆ మాట పుస్తకంలో రాసుకుని, "మీ పేరండీ?" అని అడిగారు. 'మీరు' అన్న మాట పరదేశికి అంతవరకు తగల్లేదు. అది ఏ వైపు నుంచి వచ్చిందో తెలియనట్టు వెనక్కి తిరిగి చూశాడు.

మూడువారాల తర్వాత పత్రికలో ఆ గ్రహంవాడు నిజంగానే ఒక బండరాయిని పళ్ళతో ఎత్తాడు. పాకలో అందరూ పరదేశి వైపు తిరిగారు. సిగ్గు దాచుకోడానికి అతను పక్కనున్న సైకిలు సీటుని ఒక గుద్దు గుద్దాడు. స్ప్రింగు ఊడి పైకప్పుకి తగిలింది.

అక్కణ్ణుంచి అతను ఒక్క ఆదివారం మానలేదు. చాప మీద అతనికి ఇటుపక్క తాలూకాఫీసు గుమస్తా వేంకటరమణమూర్తి, అటుపక్క చిన్నతల్లి కూర్చునేవారు. చిన్నతల్లిది ఊరి చివర పేట. చెరుకు కొట్టుడు పనికి వెళ్తుంది. సంతకి కట్టెలు తెచ్చి, పాక గోడ వారన నిలబడి వింటుంటే మొదటి కట్టుబాటు ప్రకారం లోపలికి రమ్మన్నారు. అందరూ తాగే కుండలోంచే, అందరూ తాగే గ్లాసుతోనే ఆమె కూడా నీళ్ళు తాగేది. సంఘంలో ఎవరికీ తట్టని ప్రశ్న కూడా ఆమే వేసింది.

"అమ్మా, ఆ గెహంలో సెరుకు ఎవులు నరుకుతారు?"

లక్ష్మీసుందరి గారు దానికి మూడువారాలు జవాబు వెతికారు. దొరకలేదు.

అంతా బాగానే ఉండేది, మూర్తి నోరు ఊరుకుని ఉంటే. డిసెంబరులో ఆఫీసు పని మీద విశాఖపట్నం వెళ్ళి, అక్కడ ఆ వారం పత్రిక రెండు రోజుల ముందే కొని బస్సులో చదివేశాడు. శనివారం మ్యాట్నీకి కుర్చీ టికెట్టు చేత్తో పట్టుకుని, గోడ మీద బరికె ఝుళిపిస్తున్న పరదేశి కింద నిలబడి, తమలపాకు నములుతూ అన్నాడు:

"ఒరే పరదేశీ, నీ చేతుల్లేనివాడు పోయాడురా. గుండెలో కాల్చేశారు."

పరదేశి గోడ మీంచి నేరుగా మూర్తి మీదికి దూకాడు. ఒక్కటే గుద్దు. మూర్తి ముందరి పళ్ళు రెండూ తాంబూలం ఎరుపుతో సహా నేల మీద పడ్డాయి. వాటిలో ఒకదాన్ని టికెట్టు కోసం పరిగెడుతున్నవాడెవడో తొక్కేశాడు. రక్తం ఏదో, వక్క ఏదో తెలియలేదు. కొట్టినవాడు అక్కడే చతికిలబడి ఏడవడం మొదలుపెట్టాడు. "ఆడు కొట్టడానికి రాలేదురా, సూడ్డానికొచ్చేడురా," అని ఏడుస్తుంటే, సందులోని నలభైమందీ ఎవరు పోయారో అర్థం కాక కాసేపు తోసుకోవడం మానేశారు.

మర్నాడు పాకలో తీర్పు. మూర్తి నోట్లో గుడ్డ కుక్కుకుని వచ్చాడు.

"మూర్తిగారిది రెండో కట్టుబాటు తప్పు," అన్నారు లక్ష్మీసుందరి గారు. "పరదేశి గారిది ఇందులో లేని తప్పు. అంచేత ఇవాళ రాస్తున్నాను." కలం తీసి నాలుగోది రాశారు: ఎవరి మీదా చెయ్యెత్తకూడదు.

"సంగంలోవోళ్ళ మీదే గదమ్మా?" అన్నాడు పరదేశి.

"ఎవరి మీదా అని రాశాను. మనం చదివిన కథలన్నిట్లోనూ మొదటి తప్పు ఒకటే. వచ్చినవాడెవడో కనుక్కోకుండా చెయ్యెత్తడం. ఆ తప్పు ఎక్కడో జరిగితే ఏడ్చి, ఇక్కడ మనమే చేస్తే ఇంక ఈ చాపెందుకు?"

శిక్ష కూడా ఆవిడే చెప్పారు. సీరియల్ ఉగాది సంచికతో ముగుస్తుందని పత్రికలో వేశారు. అంటే పన్నెండు ఆదివారాలు. అందాకా ఇద్దరూ గుమ్మం బయట బల్ల మీద కూర్చోవాలి. వినొచ్చు, మాట్లాడకూడదు. ఆ పన్నెండు వారాల్లో పరదేశి ఎవరి మీదైనా ఒక్కసారి చెయ్యెత్తాడా, ఇంక ఎప్పటికీ చాప మీద చోటు లేదు.

"మరి కిటికీ కాడ కొట్టకుండా ఎలగమ్మా? నన్ను పచ్చడి సేసెత్తారు!"

"అలా ఎలా జరుగుతుందో మీరే ఆలోచించాలి," అన్నారావిడ.

ఆ మరుసటివారం సంచికలో చేతుల్లేనివాడు లేచి కూర్చున్నాడు. దెబ్బ తగిలితే ఊపిరి బిగబట్టి పడుకోవడం ఆ జాతి అలవాటట. బయట బల్ల మీద పరదేశి మూర్తి నోటి వైపు చూశాడు.

"పళ్ళు అనవసరంగా పోయేయి బాబూ."

"నాకు తెలుసురా," అన్నాడు మూర్తి ఖాళీలోంచి గాలి పోతుండగా. "నోరు ముయ్యి, లోపల చదువుతున్నారు."

కిటికీ దగ్గర మొదటివారం పరదేశి చేతులు తువ్వాలుతో వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పదేళ్ళ బాకీ ఊరు ఆ ఒక్క మ్యాట్నీలో తీర్చేసుకుంది. మోచేతులతో పొడిచారు, మడమలతో తొక్కారు, చెవి కొరికారు. ఇంటికి వెళ్తే పైడితల్లి పసుపూ సున్నం కలిపి పట్టేస్తూ, "ఓలమ్మ, ఎవుడ్రా మా ఆయన్ని కొట్టీసింది, ఆడి సేతులకి దణ్ణవెట్టాల," అంది.

రెండోవారం గోడ మీదికి ఎక్కి సీరియల్ కథ మొదట్నుంచీ కేకలేసి చెప్పడం మొదలుపెట్టాడు. ఎవడైనా తోశాడా, కథ ఆపేసేవాడు. దాంతో తోసినవాణ్ణి మిగతా ముప్పైతొమ్మిదిమందీ కలిసి తన్నేవారు. రక్తం తగ్గలేదు గాని, అందులో పరదేశి చెయ్యి మాత్రం లేదు. పది వారాలు అలా గడిచాయి.

పదకొండో వారం పాకలోని ఆ నీళ్ళకుండ సంగతి బంగార్రాజు చెవిన పడింది. హాలూ ఆయనదే, సైకిలు షాపున్న వరసా ఆయనదే. శనివారం పరదేశిని పిలిచాడు.

"ఒరే, పేట గుంట నా పాకలో అందరితో పాటు చాప మీద కూకుని, అదే గ్లాసుతో నీళ్ళు తాగుతంటే నువ్వు గుమ్మంలో కూకుని సూస్తన్నావట్రా? రేపు దాని జుత్తట్టుకుని బయటికి ఈడ్సీ."

"నాను సెయ్యెత్తకూడదు బాబూ. ఇంకా రెండాదోరాలుంది."

"ఏటీ?"

"ఎత్తితే నన్ను లోపలికి రానివ్వరు బాబూ."

బంగార్రాజు ఈ జవాబుకి ఎంత సేపు నోరు తెరుచుకుని ఉండిపోయాడో హాల్లోవాళ్ళు తర్వాత చాలాకాలం నటించి చూపించేవారు.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి ఆయనే వచ్చాడు, చెరుకు కాటా దగ్గర పనిచేసే నలుగుర్ని, నాలుగు వెదురుకర్రలనీ తీసుకుని. లోపల లక్ష్మీసుందరి గారు చదువుతున్నారు. పరదేశి బల్ల మీంచి లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడి, రెండు చేతులతోనూ రెండువైపులా ద్వారబంధం పట్టుకున్నాడు.

"తప్పుకో."

"నన్ను కొట్టుకోండి బాబూ. నాను కొట్టను."

మొదటి కర్ర భుజం మీద పడింది. రెండోది పక్కటెముకల మీద. లోపల ఏదో ఎండుకొమ్మ విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. మూడో దెబ్బకి కనుబొమ చీలి కన్ను రక్తంతో మూసుకుపోయింది. అయినా వేళ్ళు ద్వారబంధం వదల్లేదు. ఎనిమిది వేళ్ళే, కానీ చెక్కలో దిగిపోయాయి. అతను గుమ్మంలో వేలాడుతున్నాడు గాని పడడు. కర్రలు అతని చంకల కిందనుంచి లోపలికి పొడుస్తున్నాయి. పత్రిక రెండు పేజీలు చిరిగాయి.

అప్పుడు మూర్తి, జన్మలో దోమని కూడా రెండోసారి కొట్టని మూర్తి, బల్ల దగ్గరున్న సైకిలు పంపు తీసుకున్నాడు.

"పరదేశీ, నువ్వు ఎత్తకురా. నేను ఎత్తుతాను. ఎక్కడ కొట్టాలో చెప్పు!"

"తల మీదొద్దు బాబూ, కర్ర అడ్డెడతాడు! మోకాలు కింద!"

పంపు ఎముక మీద పడింది. కర్రవాడు ఒకడు గావుకేక పెట్టి కూలబడ్డాడు. సత్యారావు పాక కిటికీలోంచి బయటికి దూకి సైకిలు గొలుసు తిప్పుతూ వచ్చాడు.

"దూరంగా తిప్పకు సత్తిబాబూ, నీకే తగుల్తాది! పొట్టిగా అట్టుకో! అదీ! ఎనక ఇంకోడున్నాడు, ఎనక!"

రెండోవాడి దవడ తెగింది. మూడోవాడు మూర్తిని నేలమీద పడేసి గొంతు మీద మోకాలు పెట్టాడు.

"కరవండి బాబూ!"

"పళ్ళేవిరా!" అన్నాడు మూర్తి ఊపిరాడక.

"పక్కపళ్ళు! పక్కపళ్ళొగ్గీసేను గదా!"

మూర్తి పక్కపళ్ళతో పట్టిన తొడని వాడు విడిపించుకోడానికి దెబ్బతిన్న ఇద్దరూ లేచి వచ్చి లాగవలసి వచ్చింది. నాలుగోవాడు కిటికీలోంచి లోపలికి దిగాడు. పైనుంచి వేలాడుతున్న పాత టైరు ఒకటి లక్ష్మీసుందరి గారు కొక్కెం నుంచి తీసి వాడి తలమీంచి దించారు. అది వాడి మోచేతుల దాకా దిగి బిగుసుకుంది. చేతుల్లేనివాడై వాడు గుండ్రంగా తిరుగుతుంటే ఆవిడ చెప్పు తీసి, బడిలో ఏ పిల్లకీ వెయ్యనన్ని దెబ్బలు వేశారు.

ఇంక మిగిలింది బంగార్రాజు. ఆయన పరదేశి చంక కింద నుంచి వంగి లోపలికి దూరాడు. ఎదురుగా చిన్నతల్లి నిలబడి ఉంది. రెండు చేతుల్లోనూ నీళ్ళకుండ ఉంది.

"ఇదేనా బాబూ మీకు గావలసింది?" అని ఆయన నెత్తిమీద పగలగొట్టింది.

కేసు కాలేదు. పేట ఆడది నెత్తిన కుండ పగలగొట్టిందని స్టేషన్లో నోటితో చెప్పి రాయించుకోవాలి మరి. ఆ అవమానం కంటే నెత్తిన కుట్లే నయమనుకున్నాడు బంగార్రాజు. షాపు ఖాళీ చెయ్యమంటే ఎందుకని ఊరడుగుతుందని ఆ మాటా ఎత్తలేదు. పరదేశి ఉద్యోగం మాత్రం ఆ పూటే పోయింది. సత్యారావు పంక్చర్లు వెయ్యడానికి పెట్టుకున్నాడు.

పన్నెండో ఆదివారం పరదేశి పొత్తికడుపు నుంచి చంకల దాకా కట్టు కట్టుకుని, ఒక కన్నుతో, పాక దగ్గరికి వచ్చాడు. గుమ్మం బయట బల్ల మీద చోటు లేదు. మూర్తి, సత్యారావు, చిన్నతల్లి, అందరికంటే చివర లక్ష్మీసుందరి గారు వరసగా కూర్చుని ఉన్నారు.

"ఏటమ్మా, అందరూ బయట?"

"నాలుగో కట్టుబాటు," అన్నారావిడ నేల చూస్తూ. "నేనే రాశాను కదా. ఎవరి మీదా అని. పోయిన ఆదివారం ఇక్కడ చెయ్యెత్తనివారు మీరొక్కరే. లోపలికి వెళ్ళండి."

"మరి సదివేది?"

ఆవిడ ఉగాది సంచిక అతని చేతిలో పెట్టారు.

పరదేశికి అక్షరాలు సినిమా వాల్‌పోస్టర్లు అంటించి వచ్చినవి. అరచెయ్యంత ఉంటే గుర్తుపడతాడు. చీమంత అక్షరం అతనికి కొత్త. పాక మధ్యలో ఖాళీ చాప మీద ఒక్కడే కూర్చుని, పత్రికని చెయ్యి చాపినంత దూరం పెట్టి, మంచి కన్ను చిట్లించి మొదలుపెట్టాడు. ఒక వాక్యానికి ఒక బస్సు వెళ్ళిపోయేది. ఒత్తు వచ్చిన చోటల్లా ఆగి, పక్కటెముక పట్టుకుని ఊపిరి పీల్చేవాడు. బయట బల్ల మీద అందరూ ముందుకు వంగారు. మాట్లాడకూడదు కనక మూర్తి పెదాలు కొరుక్కుంటున్నాడు, ఉన్న పళ్ళతో. ఎండ బల్ల మీదికి వచ్చింది. చిన్నతల్లి కొంగు తీసి లక్ష్మీసుందరి గారి తలమీద కూడా కప్పింది.

మధ్యాహ్నానికి చివరి పేరా దగ్గరికి వచ్చాడు. అక్కడ అతను చదవడం ఆపేశాడు. వేలు పెట్టుకుని పెదాలు మాత్రం కదుపుతున్నాడు. వేలు వరస చివరికి వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. అతని ముఖం ఒక్కసారి వెలిగింది. తల ఎత్తి, చెరుకు సంగతి అడిగిన చిన్నతల్లి వైపు నేరుగా చూసి, పక్కటెముక నొప్పి మరచిపోయి పకపకా నవ్వాడు.

మూర్తి ఇంక ఉండబట్టలేక శిక్షనీ బల్లనీ వదిలేసి గుమ్మం మీదికి వచ్చేశాడు.

"ఏమయిందిరా! వాళ్ళు భూమికి వచ్చారా లేదా? ఒక్క ముక్క చెప్పి చావరా!"

పరదేశి పత్రికని గుండెకి ఆనించుకుని, ఎడమచేతి మూడువేళ్ళతో గోడ మీది క్యాలెండరు చూపించాడు.

"రెండోది సూడండి బాబూ. ముందు సెప్పకూడదు," అన్నాడు. "ఎల్లి బల్ల మీద కూకోండి. ఇంకా ఆరు వరసలుంది, అక్షరం అక్షరం సదువుతాను."